అశోక్‌నగర్ రాక్ సమ్రాట్

ఫణికిరణ్‌ని ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "బ్యాండ్ ఉంది" అంటాడు. అడిగినవాళ్లు వెంటనే "ఓహో, పెళ్లిళ్లకా?" అంటారు. ఈ ప్రశ్న మొదటిసారి విన్ననాడు ఆయనకి ఇరవై మూడేళ్లు, నడుం దాకా జుట్టు. ఇప్పుడు అరవై దగ్గర పడ్డాయి. జుట్టు భుజాల దాకా వచ్చి ఆగిపోతోంది, నడినెత్తిన అయితే అసలు మొదలే కావడం లేదు. ప్రశ్న మాత్రం అదే.

బ్యాండ్ పేరు కర్ఫ్యూ. ఊళ్లో గొడవలై, గడప దాటడానికి లేక అశోక్‌నగర్ కుర్రాళ్లంతా పేకాట నేర్చుకుంటున్న రోజుల్లో, ఫణికిరణ్, నాలుగిళ్ల అవతల ఉండే కరుణాకర్ మాత్రం సంగీతం నేర్చుకున్నారు. గిటారు ఫణికిరణ్‌ది. కరుణాకర్‌కి డ్రమ్ములు లేవు కాబట్టి వాళ్లమ్మ స్టీలు బిందెలు వాయించాడు. కర్ఫ్యూ ఎత్తేశాక ఊరంతా ఊపిరి పీల్చుకుంది, ఆ రెండిళ్లకీ చుట్టుపక్కల ఉన్నవాళ్లు తప్ప.

ఫణికిరణ్ తండ్రి దక్షిణామూర్తి గారు. ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డ కొత్తలో తెనాలి వైపు నుంచి రాజధానికి వచ్చి, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరి, సూపరింటెండెంటుగా దిగి, మధ్యలో అశోక్‌నగర్‌లో ఒక డాబా ఇల్లు కట్టించిన మనిషి. కొడుకు గెజిటెడ్ ఆఫీసరు కావాలని ఆయన ఆశ. కొడుకుని గ్రూప్ పరీక్షకి కట్టించి, నారాయణగూడలో పరీక్ష హాలు దాకా తనే స్కూటర్ మీద దింపి వచ్చాడు. కొడుకు గంట కూర్చుని, ఖాళీ పేపరు ఇన్విజిలేటర్ చేతిలో పెట్టి బయటికొచ్చేశాడు. అక్కడే ఫుట్‌పాత్ మీద కూర్చుని పాట కట్టాడు. పాట పేరు 'నా వల్ల కాదు'.

అది ఆయన జీవితంలో గొప్ప పాట. నిజానికి ఒకే పాట. ఇంకో పదకొండు ఉన్నాయని ఆయన అంటాడు గానీ, అవన్నీ వింటే ఇదే పాట తలా ఒక చొక్కా తొడుక్కుని వచ్చినట్టుంటుంది. క్యాసెట్ వేశారు. సుల్తాన్ బజార్‌లో ఒక కొట్టువాడు దయ తలచి కొన్ని కాపీలు భజనల పక్కన పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఇంజనీరింగు కాలేజీల వేడుకల్లో పాడారు. ఒక హోటల్లో భోజనాల వేళ పాడారు. అక్కడ జనం పాత సినిమా పాటలు అడిగితే ఫణికిరణ్ అలిగి గిటారు సర్దుకున్నాడు. కొన్నాళ్లు భక్తి ఆల్బమ్‌లకి వెనక గిటారు వాయించాడు. ఒక ఆవకాయ కంపెనీ ప్రకటనకి వాయించిన ముక్క మాత్రం జనానికి నిజంగానే నచ్చింది. ఆ సంగతి ఆయన దగ్గర ఎత్తకూడదు.

తను ఎప్పుడూ అమ్ముడుపోలేదని ఫణికిరణ్ గర్వంగా చెప్పుకుంటాడు. కొనడానికి ఎవరూ రాలేదన్న సంగతి అందులో కలపడు.

ఇల్లు నడిపింది కుసుమ. ఆయన భార్య. నారాయణగూడలో ఒక స్కూల్లో సైన్సు టీచరు. వచ్చే ఏడాది రిటైరవుతుంది. మొగుడు సాయంత్రాలు పదిమంది పిల్లలకి గిటారు నేర్పుతాడు. ఆ పిల్లల తల్లులు సంగీతం సంగతి అడగరు, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారని అడుగుతారు.

ఇవన్నీ ఎలా ఉన్నా, ఫణికిరణ్ సాధన మానలేదు. రోజూ తెల్లవారకముందే డాబా ఎక్కుతాడు. గిటారుకి చిన్న స్పీకరు తగిలించి, గొంతెత్తి 'నా వల్ల కాదు' పాడతాడు. ఒకప్పుడు ఎదురుగా పెంకుటిల్లు ఉండేది. ఇప్పుడక్కడ నాలుగంతస్తుల ఆడపిల్లల హాస్టల్ ఉంది. అటూ ఇటూ కూడా హాస్టళ్లే. ఊళ్ల నుంచి సర్కారు కొలువుల కోసం వచ్చి, ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండి చదువుకునే పిల్లలతో పేట నిండిపోయింది. ఆయన పాట ఎత్తుకోగానే ఎదురుగా కిటికీలు ఒక్కొక్కటే మూసుకుంటాయి. చలికి కాబోలు అనుకుంటాడు. మే నెలలో కూడా.

ఆయన కోరిక ఒక్కటే. పేరు వద్దు, సినిమా వద్దు. తన పాటని, తను పుట్టి పెరిగిన పేటలో, ఒక హాలు నిండా జనం తనతో పాటు గొంతు కలిపి పాడాలి. ఒక్కసారి చాలు. ఈ మధ్య పై స్థాయిలో గొంతు చీలుతోంది. డాక్టరు టార్చి వేసి చూసి, "ఇంక మెల్లగా మాట్లాడడం అలవాటు చేసుకోండి" అన్నాడు. అందుకని ఆ కోరికకి తొందర కూడా తోడైంది.

సరిగ్గా అప్పుడే దాసయ్య వచ్చాడు.

అశోక్‌నగర్‌ని ఆనుకునే ఉన్న చిక్కడపల్లిలో సాయంత్రం పూట ఊరికే నడుచుకుంటూ వెళ్తే ఎవరో ఒకరు శాలువా కప్పే ప్రమాదం ఉంది. అక్కడి హాళ్లలో సన్మానం లేని సాయంత్రం ఉండదు. అలాంటి సన్మానాలు చేసే 'సుస్వర కళా స్రవంతి' అనే సంస్థకి దాసయ్య కార్యదర్శి. కవులు అయిపోయారు, హరికథలవాళ్లు అయిపోయారు, యోగా గురువులు కూడా రెండో విడత అయిపోయారు. కొత్తదనం కోసం ఈసారి ఒక వెస్ట్రన్ ఆయన కావలసి వచ్చాడు.

"'రాక్ సమ్రాట్' అనే బిరుదు అనుకున్నామండీ," అన్నాడు దాసయ్య కుర్చీ అంచున కూర్చుని. "'గిటార్ గంధర్వ' కూడా ఉండేది గానీ, పోయిన నెల ఒకాయనకి ఇచ్చేశాం. ఆయనది వయొలిన్ అనుకోండి."

శాలువాలంటే ఫణికిరణ్‌కి పరమ అసహ్యం. ఆ మాట ముప్పై ఏళ్లుగా ఆవకాయ కంపెనీవాళ్లతో సహా అందరికీ చెప్పాడు. అందుకని గంభీరంగా, "ఆలోచించుకుని చెప్తాను" అన్నాడు. దాసయ్య గేటు దాకా వెళ్లేలోపు ఆలోచించుకోవడం పూర్తయింది.

"కానీ ఒక షరతు. నేను పాడతాను."

దాసయ్య తెల్లబోయాడు. "పాడాలా అండీ? సన్మానం అంటే మామూలుగా మీరు కూర్చుంటారు, మిగతావాళ్లు మాట్లాడతారు."

"పాడకపోతే నేను రాను."

"సరేనండీ, ఒక్క పాట. ఒక్కటంటే ఒక్కటి. తర్వాత చిన్నపిల్లల కూచిపూడి ఉంది, ఆలస్యమైతే మేకప్ కారిపోతుంది. ఇంకో మాటండీ, జనాన్ని మీరే చూసుకోవాలి. మావాళ్లు ముఖ్య అతిథి ప్రసంగం దాకా ఉండి టిఫిన్లకి లేచిపోతారు."

కరుణాకర్‌కి ఫోన్ చేశాడు. కరుణాకర్ ఇప్పుడు ఊరవతల ప్లాట్లు అమ్ముతాడు, మోకాళ్లకి పట్టీలు కట్టుకుంటాడు. "వాయిస్త గానీ, నన్ను ఎవలన్న పట్టుకుని లేపాలె రా," అన్నాడు. ఆ విధంగా బ్యాండ్ సిద్ధమైంది. మిగిలింది జనం.

మర్నాడు ఫణికిరణ్ వీధి చివర చాయ్ కొట్టు దగ్గరికి వెళ్లాడు. అక్కడ ఎప్పుడు చూసినా వీపున బ్యాగులతో కుర్రాళ్లు గుంపుగా ఉంటారు. వాళ్లని ఎలా పలకరించాలో తోచక, చాయ్ గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డాడు. అప్పుడు వినిపించింది. బల్ల మీద కూర్చున్న ఒక కుర్రాడు వేళ్లతో దరువేస్తూ, కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పక్కవాడు తలూపుతున్నాడు.

అది 'నా వల్ల కాదు'. సందేహం లేదు. పల్లవి చివర మూడుసార్లు పైకి లేచే ఆ ఊపు కూడా ఉన్నదున్నట్టు ఉంది.

ఫణికిరణ్ కొట్టు గుంజ పట్టుకున్నాడు. ఇన్నేళ్లూ తను గోడలకి పాడుకున్నాననుకున్నాడు. గోడల అవతల మనుషులు వింటూనే ఉన్నారన్నమాట.

"బాబూ, నీ పేరేంటి?"

"సురేశ్, అంకుల్."

"ఆ పాట... నీకెలా తెలుసు?"

"గిదా?" అని సురేశ్ నవ్వాడు. "గిది అశోక్‌నగర్‌ల ఎరుక లేనోడు ఎవడు అంకుల్! మా రూమ్‌ల అందరికీ నోటికొచ్చు. పోయినేడాది సంది ఫోన్లల్ల తిరుగుతున్నది."

"అందరికీ?"

"అడిక్‌మెట్ దాక పోయింది అంకుల్. రాంనగర్ హాస్టళ్లల్ల గూడ గిదే."

అప్పుడు ఫణికిరణ్ ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది: ఏదీ, పదాలతో పాడు, వింటాను. కానీ అభిమానుల మధ్య నిలబడ్డ మనిషికి అడగడం ఎక్కడ తోస్తుంది? ఆశీర్వదించడమే తోస్తుంది. సురేశ్ భుజం మీద చెయ్యి వేసి, "ఆదివారం సాయంత్రం చిక్కడపల్లిలో, స్టేజి మీద, ఈ పాట నేను పాడుతున్నాను. గిటారు మీద" అన్నాడు.

"నిజంగనా? లైవ్‌ల?" కుర్రాళ్లంతా లేచి చుట్టూ మూగారు. "మస్తుంటది అంకుల్! పరీక్ష దగ్గర పడ్డది, అందరు పరేషాన్ల ఉన్నరు. జర మనసు తేలికైతది. నేను హాస్టల్ హాస్టలే పట్టుకొస్త చూడుండ్రి."

ఇంటికొచ్చి కుసుమతో చెబుతూ ఫణికిరణ్ రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాడు. కుసుమ బట్టలు మడతపెడుతూ విన్నది.

"పదాలతో పాడారా?" అంది.

"రాగం తీస్తున్నారు. నీకు అర్థం కాదులే, నిజమైన పాట అలాగే పాకుతుంది."

కుసుమ ఇంకో చీర తీసుకుంది. "ఆదివారం ఆ పాత తోలు జాకెట్ మాత్రం వద్దండీ. గుండీలు పట్టవు" అంది.

ఆదివారం హాలు నిండిపోయింది. నిండడం అంటే, గోడల వెంట నిలబడ్డారు, మెట్ల మీద కూర్చున్నారు, కిటికీలెక్కారు. ఆ హాల్లో ఫ్యాన్లకీ కుర్చీలకీ అంత జనాన్ని చూసే అలవాటు లేదు. దాసయ్య చెమటలు తుడుచుకుంటూ స్టేజి మీద అటూ ఇటూ తిరిగాడు. వెనక బ్యానర్ మీద పెద్ద అక్షరాలతో 'రాక్ సమ్రాట్ బిరుదు ప్రదాన మహోత్సవం' అని ఉంది. దాని కింద ఫణికిరణ్ పాత ఫొటో వేశారు, జుట్టున్నప్పటిది.

ముందు జ్యోతి ప్రజ్వలన. తర్వాత ప్రార్థన. తర్వాత వక్తలు. ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ అధికారి. పాశ్చాత్య సంగీతం వల్ల యువత ఎలా చెడిపోతోందో ఉదాహరణలతో సహా చెప్పి, ఫణికిరణ్ గారు చెడగొట్టినవాళ్లు మాత్రం తమకి తెలిసి ఎవరూ లేరని మెచ్చుకున్నాడు. రెండో వరసలో కుసుమ కూర్చుని ఉంది. ఫణికిరణ్‌కి ఆ మాటలేవీ ఎక్కలేదు. ఆయన జనాన్ని చూస్తున్నాడు. ఒక్కొక్క ముఖమే చూస్తున్నాడు.

చివరికి మైకు ఇచ్చారు. ఇద్దరు పట్టుకుని కరుణాకర్‌ని డ్రమ్ముల వెనక కూర్చోబెట్టారు. ఫణికిరణ్ మొదటి తీగ మీటాడు. హాలంతా ఒక్కసారిగా కేక పెట్టింది. ముప్పై ఏళ్లలో అలాంటి కేక ఆయన వినలేదు. పాట ఎత్తుకున్నాడు:

"కుర్చీలో కుదురుగా కూర్చోవడం, ఫైళ్లలో ముఖం దాచుకోవడం..."

హాలంతా గొంతు కలిపింది:

"పద్నాలుగులో అందరు ఒకటే, పదిహేనులో తేడాలొద్దు..."

ఫణికిరణ్‌కి ఏదో తేడాగా అనిపించింది. స్పీకర్ల గోల అనుకున్నాడు. గొంతు పెంచి పల్లవి చివరికి వచ్చాడు. "నా వల్ల కాదు, కాదు, కాదు!" అన్నాడు.

"పదిహేడులో అంటరానితనం రద్దు, రద్దు, రద్దు!" అంది హాలు. ఆగకుండా ఇంకో వరస అందుకుంది. "పద్దెనిమిదిలో బిరుదులన్నీ రద్దు, రద్దు, రద్దు!"

దాసయ్య మెల్లిగా తలెత్తి బ్యానర్ వైపు చూశాడు.

రాజ్యాంగం. వాళ్లు పాడుతున్నది రాజ్యాంగం. ఏ అధికరణంలో ఏముందో వరసగా, తప్పు లేకుండా, ఉత్సాహంగా, ఆయన ట్యూన్‌లో. ఫణికిరణ్ ఇంకా గట్టిగా అరిచాడు. వాళ్లూ ఇంకా గట్టిగా పాడారు. ఒక్క గొంతు, అదీ చీలిన గొంతు, హాలుతో ఏం పోటీ పడుతుంది? వాయించడం ఆపేశాడు. పాట కాస్త దూరం దానంతటదే నడిచి, ఆగింది.

"ఏమైంది అంకుల్, మరిచినవా?" వెనక నుంచి ఎవరో అందించారు. "పంతొమ్మిదిల ఆరు స్వేచ్ఛలు!"

ఫణికిరణ్ మైకు దగ్గరికి జరిగాడు. "ఇది నా పాట" అన్నాడు. "తొంభై మూడులో, నారాయణగూడలో, నేను కట్టిన పాట. మీరు పాడుతున్న పదాలు దీనివి కావు."

హాలు ఘొల్లున నవ్వింది. జోకు అనుకున్నారు. ఆయన ముఖం చూశాక నవ్వు తగ్గి, గుసగుసలు మొదలయ్యాయి. "ఇది రేణుకక్క పాట గద," అన్నారు ఎవరో. "అంకుల్ ట్యూన్ కొట్టేసిండు రా," అన్నారు ఇంకెవరో, మెల్లిగానే. కానీ ఆ హాలు కట్టినవాళ్లు గొప్పవాళ్లు, మెల్లిగా అన్న మాట కూడా స్టేజి దాకా వస్తుంది.

ఫణికిరణ్ జీవితంలో చాలామంది చాలా అన్నారు. గోల అన్నారు, పిచ్చి అన్నారు, పెళ్లిళ్లకా అన్నారు. దొంగ అని మాత్రం ఎవరూ అనలేదు. ఆయనకి ఏడుపొచ్చింది. ఉన్న ఒక్క పాటా తనది కాకుండా పోయింది. తనది అని చెప్పడానికి సాక్ష్యం లేదు. క్యాసెట్ ఎవరింట్లోనూ లేదు.

"అక్కా, నువ్వే చెప్పు జర!" అని అరిచాడు సురేశ్. "రేణుకక్కా, లెవ్వు!"

ఆడపిల్లల వైపు నుంచి ఒక అమ్మాయి లేచింది. సన్నగా, కళ్లద్దాలతో, లేవడం ఇష్టం లేనట్టు లేచింది. హాలు ఆమెకి చప్పట్లు కొట్టింది. ఆమె చెయ్యెత్తి ఆపమంది.

"ట్యూన్ నాది గాదు. ఆ సార్‌దే," అంది.

వేలు స్టేజి వైపు చూపించింది.

"మా హాస్టల్ కిటికీ సార్ డాబాకు ఎదురుంగనే ఉంటది. సార్ రోజు తెల్లారకముందే పైకెక్కుతడు. మూడేండ్ల సంది ఇంటున్న, ఒకటే పాట. కిటికీ మూసిన. చెవులల్ల దూది పెట్టుకున్న. దిండు ఒత్తుకున్న. ఆర్టికల్స్ సదువుదామని కూసుంటే తల్కాయల సార్ పాటే తిరుగుడు. ఇగ ఇది పోదని సమజయ్యి, దాన్లనే ఆర్టికల్స్ పెట్టుకున్న. మా రూమోళ్లు నేర్చుకున్నరు. గట్ల అందరికీ పోయింది."

జనం మళ్లీ నవ్వారు, ఈసారి ఫణికిరణ్‌ని చూస్తూ, కాస్త ప్రేమగానే. ఆయన నవ్వలేదు. "నాతో ఒక్క మాట చెప్పలేదేమ్మా?" అన్నాడు.

"చెప్పుదామని మీ ఇంటికి ఒచ్చిన సార్, ఒకసారి గాదు. ఆంటీ గేటు కాడనే ఆపింది. 'పొద్దున ఆ కాసేపు ఆయన్ని వదిలెయ్యమ్మా, మిగతా రోజంతా ఆయన ఎవర్నీ ఏమీ అడగడు' అన్నది. నాకు పొద్దుగాల ఇడ్లీలు గూడ పెట్టింది. ఇగ నేనేమంట?"

ఫణికిరణ్ రెండో వరస వైపు చూశాడు. కుసుమ తలెత్తి ఫ్యాన్ రెక్కలు తిరుగుతున్నాయో లేదో పరిశీలిస్తోంది. గేటు దగ్గరికి ఎంతమంది వచ్చి ఉంటారు? ఎన్నేళ్లు, ఎంతమందికి ఇలా నచ్చజెప్పి పంపి ఉంటుంది? సిగ్గు అనేది ఒకటి ఉంటుందని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. అయినా కళాకారుడు కళాకారుడే. గొంతు సవరించుకుని ఇంకొక్క ప్రశ్న వేశాడు.

"మరి నా పదాలూ విన్నావు కదా. అవి నీకు..."

"నోటికొచ్చు సార్. నాలుగు చరణాలు."

ఆ హాల్లో ఆ పాట మొత్తం తెలిసిన మనిషి, ఆయన కాకుండా, ఆమె ఒక్కతే. ఫణికిరణ్ ప్రాణం లేచి వచ్చింది. "మరి వాటికేం తక్కువైంది?"

రేణుక కళ్లద్దాలు సర్దుకుంది. "తక్కువేం లేదు సార్, మంచిగనే ఉన్నయి. కాని 'నా వల్ల కాదు, నా వల్ల కాదు' అనుకుంట మేం ఎట్ల సదువుతం? మీరు గట్లనే పరీక్షల నుంచి లేచొచ్చిండ్రట, పాటలనే ఉన్నది. లేచొస్తే మీకు ఇల్లున్నది సార్. మేం నా వల్ల కాదంటే, రేపు పొద్దుగాల బస్సెక్కి వాపస్ పోవాలె. ఆడ మా అమ్మ అందరికీ చెప్పుకున్నది, బిడ్డ ఆఫీసరయితదని."

ఆమె కోపంగా అనలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పి కూర్చుంది.

తండ్రిని ధిక్కరించిన పాటని ముప్పై ఏళ్లుగా తండ్రి కట్టించిన డాబా ఎక్కి పాడుతున్నానన్న సంగతి ఫణికిరణ్‌కి ఆ క్షణం దాకా తట్టలేదు. స్కూటర్ మీద పరీక్ష హాలు దాకా దింపిన మనిషి వీపు గుర్తొచ్చింది. ఆ రోజు తనని దింపి వెనక్కి వెళ్తూ ఆయన ఏమనుకున్నాడో కూడా తను ఎప్పుడూ అడగలేదు.

దాసయ్య చెవి దగ్గర వంగి, "కూచిపూడి పిల్లలు సిద్ధంగా ఉన్నారండీ" అన్నాడు.

ఒక్క పాట. అదీ సగంలో ఉంది. మైకు తన చేతిలోనే ఉంది, తన పదాలు తను పాడుకోవచ్చు, ఎవరూ ఆపరు. ఈసారి జనం మర్యాదకి ఊరుకుంటారు కూడా. ఫణికిరణ్ మైకు స్టాండు ఎత్తి, తన ముందు నుంచి తీసి, స్టేజి అంచున జనం వైపు తిప్పి పెట్టాడు.

"ఎక్కడ ఆగాం?" అన్నాడు.

"పంతొమ్మిదిల!" అన్నారంతా.

వాయించాడు. వాళ్లు పాడారు. ఆరు స్వేచ్ఛలు పాడారు, ఇరవై ఒకటిలో బతికే హక్కు దగ్గర హాలంతా లేచి నిలబడింది, ఇరవై నాలుగులో పసిపిల్లల్ని పనిలో పెట్టొద్దని గోడలదిరేలా చెప్పారు. కరుణాకర్ మోకాళ్ల సంగతి మరిచిపోయి బాదాడు. ఫణికిరణ్‌కి పదాలు రావు. అందుకని వాళ్ల నోళ్ల వైపు చూస్తూ, ఎక్కడ ఆగుతారో, ఎక్కడ లాగుతారో కనిపెట్టి, దాని ప్రకారం వేళ్లు కదిపాడు. నోరు మూసుకుంటే తను గిటారు ఎంత బాగా వాయించగలడో ఆయనకి ఆ వయసులో తెలిసింది. ఆయన కోరుకున్నది సరిగ్గా కోరుకున్నట్టే జరిగింది. పేట, హాలు, జనం, పాట. అందులో ఆయన పదాలు మాత్రం ఒక్కటీ లేవు. బాధగానే ఉంది. అబద్ధం ఎందుకు, సంతోషంగా కూడా ఉంది.

తర్వాత ముఖ్య అతిథి శాలువా కప్పాడు. దాసయ్య ముందే రాయించి పెట్టుకున్నది చదివేశాడు: "తన గంభీర గళంతో నేటి సభని ఉర్రూతలూగించిన ఫణికిరణ్ గారికి 'రాక్ సమ్రాట్' అనే బిరుదుని..."

"పద్దెనిమిది! పద్దెనిమిది!" అని అరిచారు కుర్రాళ్లు. "బిరుదులు రద్దు సార్!"

ముఖ్య అతిథి అర్థం కాక చేతులు జోడించాడు. కూచిపూడి పిల్లలు గజ్జెలతో స్టేజి ఎక్కారు.

హాలు బయట మెట్ల దగ్గర, మసక వెలుతురు ఉండగానే, రేణుక ఆయన కోసం ఆగి ఉంది. కుసుమ ఆమెతో మాట్లాడుతోంది. వాళ్లిద్దరికీ అంత చనువుందని ఫణికిరణ్‌కి ఇప్పుడు తెలిసింది. క్షమాపణ చెప్పబోతుందేమో అనుకుని ఆయన ముఖాన ఉదారమైన చిరునవ్వు తెచ్చుకున్నాడు.

"సార్, ఒక మాట," అంది రేణుక. "గిది పాలిటీ పేపర్‌కు సరిపోయింది, రాజ్యాంగం గద. ఎకానమీకి ఏ ట్యూనూ నిలుస్తలేదు. మీ దగ్గర ఇంకోటి ఉంటది గద. కొత్తది."

కొత్త పాట ఉందా అని ఫణికిరణ్‌ని ఎవరూ అడిగి ఇరవై ఏళ్లు దాటింది. పదకొండు ఉన్నాయమ్మా అనబోయాడు. కుసుమ ఆయన ముఖంలోకే చూస్తోంది.

"లేదమ్మా," అన్నాడు. ఆ మాట పైకి రావడానికి గొంతు నొప్పికన్నా ఎక్కువ నొప్పి పుట్టింది. "నా దగ్గర ఒక్కటే ఉంది. అది నువ్వు తీసేసుకున్నావు."

రేణుక కుసుమ వైపు చూసింది.

"ఎలాంటిది కావాలి?" అన్నాడు ఫణికిరణ్.

"ఆఁ?"

"ఎకానమీకి. ఎలా ఉంటే నీకు నిలుస్తుంది? చెప్పు."

"జర నిమ్మళంగ ఉండాలె సార్," అంది ఆమె. "పంచవర్ష ప్రణాళికలుంటయి, ఒక్కొక్కటి ఇంత పొడుగు. నడుమ నడుమ ఊపిరి తీసుకునే జాగ కావాలె. అరిచేది వద్దు. రూమ్‌ల ఇంకొకలు నిద్రపోతుంటరు గద, మెల్లగ పాడుకోనొస్తే చాలు."

"ఊపిరి తీసుకునే జాగా," అన్నాడు ఫణికిరణ్. "మొదటి ప్రణాళిక చెప్పు. నువ్వు ఎలా చదువుకుంటావో అలాగే చెప్పు."

రాక్ సమ్రాట్ శాలువా తీసి మెట్టు మీద పరిచి, దాని మీద గిటారు పడుకోబెట్టి, పక్కన తనూ కూర్చున్నాడు. ఆ పిల్ల చెబుతూ పోయింది. ఆయన చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒక్కసారి కూడా పాడలేదు.